జామ, ద్రాక్షలతో ఓవెన్ తీపి: నోటికి రుచి, ఒంటికి తేలిక

మధ్యాహ్నం వంటింటి పని ముగించుకుని, కాస్త నడుం వాల్చబోతూ రేడియో పెట్టుకున్నవారితో ఈ పూట ఒక తీపి వంటకం గురించి ముచ్చటించుకుందామని వచ్చాను. తీపి అనగానే పాకాలూ, నేతి డబ్బాలూ అనుకోకండి. పళ్లతో చేసేది, ఓవెన్లో పెట్టేది, కాస్త తేలికగా ఉండేది. అసలు చిక్కంతా ఆ "తేలికగా" అన్న మాట దగ్గరే ఉంది. దాని అర్థం తెలిసేసరికి నాకు మూడు ఆదివారాలు, అరడజను గుడ్లు, పావుకిలో వెన్న ఖర్చయ్యాయి. ఆ ఖర్చు మీకు తప్పిద్దామనే ఈ ప్రసంగం.

మాది మేడ్చల్. నేను ఈ ఇంటి కోడలిగా వచ్చేనాటికి మా మామగారికి శామీర్‌పేట వైపు రెండెకరాల ద్రాక్షతోట ఉండేది. వరసగా రాతి కడీలు, వాటిమీద ఇనుప తీగల పందిరి, పందిరి కింద నడుస్తుంటే నడినెత్తికి తగిలే గుత్తులు. ఫిబ్రవరి వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ తీరుబడి ఉండేది కాదు. తర్వాత బోరు అడుగంటింది. ఇంకా లోతుకు వేయించారు, అదీ కొన్నేళ్లే. చివరికి తోట తీసేశారు, ఆ పైన నేల కూడా చేతులు మారింది. ఇప్పుడక్కడ ఇళ్ల ప్లాట్లు. ఒక ప్లాటు మూలన మాత్రం మా కడీ ఒకటి ఇంకా నిలబడే ఉంది. అటుగా ఆటోలో వెళ్లినప్పుడల్లా మామగారు తల తిప్పి చూస్తారు, మాట మాత్రం అనరు.

ఆయనకు చక్కెర వ్యాధి బయటపడి కొన్నేళ్లయింది. డాక్టరుగారు తీపి మానమన్న రోజు నుంచీ ఇంట్లో తీపి చెయ్యడమే మానేశాం. ఆయన ఎదుట మేం తినడం ఏం బాగుంటుందని నేనూ, అత్తమ్మా అనుకున్నాం. పిల్లలకు కావాలంటే బయట కొనిపెట్టేవాళ్లం. బాగానే ఉందనుకున్నాం. ఒకనాడు ఆయన చొక్కా ఉతకబోతూ జేబులో చెయ్యి పెట్టేసరికి వెన్న మరకలతో మడిచిన బేకరీ కాగితం ఒకటి తగిలింది. కాగితంలో కేకు పొడి ఇంకా ఉంది. నేను ఏమీ అడగలేదు. సాయంత్రం ఆయనే అన్నారు: "ఏం జేద్దు బిడ్డా. అందరు గూసోని తింటె నేను గింతంత తిని లేస్తుంటి. ఇప్పుడు ఇంట్ల లేదాయె. బయట ఒక్కన్నే తింటున్న. ఒక్కడు తింటె లెక్క తెలుస్తదా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. మేం ఇంట్లోంచి తీపిని తీసేశామే గాని ఆయన నోట్లోంచి తియ్యలేదన్నమాట. పైగా బయట తినే ముక్కలో ఎంత వెన్న, ఎంత చక్కెర ఉన్నాయో మనకేం తెలుస్తుంది? అందుకే ఆదివారం భోజనం అయ్యాక నలుగురం కూచుని కొద్దికొద్దిగా తినే తీపి ఒకటి, లెక్క నా చేతిలో ఉండేది, నేర్చుకోవాలని పట్టుబట్టాను.

పళ్లకు మా ప్రాంతంలో కొదవ లేదు. మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఇవన్నీ ఒకప్పుడు ద్రాక్షకు పేరుపడ్డ ఊళ్లు. హైదరాబాదు ద్రాక్ష అంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది అనాబ్-ఎ-షాహీ. రాజుగారి ద్రాక్ష అని ఆ పేరుకు అర్థం. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన ఈ రకాన్ని హైదరాబాదుకు తెచ్చారని చెబుతారు. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, పొడుగాటి పండు, పల్చని తోలు, లోపల గింజలు. తర్వాత తామ్సన్ సీడ్‌లెస్ వచ్చింది. గింజ లేని పండు దొరికాక గింజ ఉన్నదాన్ని ఎవరు కొంటారు చెప్పండి? నీళ్ల కరువు, కూలీల కొరత, భూమి ధర, ఇవి కలిసి తోటల్ని తగ్గించేశాయి. 2016లో మేడ్చల్ పేరుతోనే జిల్లా ఏర్పడింది గాని, అప్పటికే పందిళ్లు చాలావరకు పోయాయి. అయినా మిగిలిన తోటలు కొన్ని ఉన్నాయి. పండ్ల కాలంలో మనల్నే లోపలికి రానిచ్చి, కత్తెర చేతికిచ్చి, కోసుకున్నదాన్ని తూచి ఇచ్చే తోటలు కూడా ఉన్నాయి. పిల్లల్ని తీసుకుని వెళ్లి చూడండి, వాళ్లకు సరదాగా ఉంటుంది.

ఇక నా మొదటి ఆదివారం సంగతి. మామూలు వెన్న కేకు పద్ధతి తీసుకుని, వెన్న సగం, చక్కెర సగం తగ్గించి, తగ్గినచోట ద్రాక్షపళ్లు పోశాను. తేలిక చెయ్యడం అంటే తగ్గించడమే గదా అనుకున్నాను. ఓవెన్లోంచి తీసేసరికి పైన తోలులా ఉంది, నడుమ కుంగిపోయింది, పళ్లన్నీ అడుక్కి చేరి వాటి చుట్టూ పిండి పచ్చిగా, జిగురుగా అంటుకుని ఉంది. మా చిన్నవాడు ఒక ముక్క కొరికి, "అమ్మా, ఇది చపాతీనా, కేకా?" అన్నాడు.

వాడి ప్రశ్నలోనే జవాబు ఉంది. గోధుమలోనూ, మైదాలోనూ నీళ్లు తగిలితే సాగే జిగురు ఒకటి ఉంటుంది. చపాతీ సాగేది దానివల్లే. కేకులో వెన్న ఆ పిండి రేణువులను కప్పి ఉంచి, జిగురు పట్టుకోకుండా చేస్తుంది. వెన్నా, చక్కెరా కలిపి నురగలా గిలకొడతాం చూడండి, అప్పుడు చక్కెర పలుకులు వెన్నలోకి గాలిని చేరుస్తాయి. కేకు పొంగడానికి ఆ గాలి ఆధారం. చక్కెర తీపి ఒక్కటే ఇచ్చి ఊరుకోదు, తడిని పట్టి ఉంచుతుంది, కేకును మెత్తగా ఉంచుతుంది. ఈ రెండింటినీ సగం చేసి, దానికి తోడు నీళ్ల పళ్లు వేస్తే కేకు నిలబడాలన్నా దేన్ని పట్టుకుని నిలబడుతుంది? పాతకాలపు ఇంగ్లీషు కేకు ఒకటుంది, మైదా, వెన్న, చక్కెర, గుడ్లు నాలుగూ సమాన తూకం వేసి చేస్తారు. అంత తూకం వేసింది తిండిపోతుతనంతో కాదు, వంటకం నిలిచేది ఆ నాలుగు స్తంభాల మీదే. స్తంభాలు తీసేసి పైకప్పు నిలవమంటే నిలవదు. కాబట్టి కేకును తగ్గించి ప్రయోజనం లేదు, కేకు కాని వంటకాన్నే ఎంచుకోవాలి. పండే అసలు వంటకమై, పిండి పైపై ముసుగుగా మాత్రమే ఉండేది ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాను.

ఉంది. ఇంగ్లండులో దాన్ని క్రంబుల్ అంటారు. గిన్నె అడుగున పళ్ల ముక్కలు, పైన పొడిపొడిగా కలిపిన పిండి, అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ 1940 జనవరి నుంచి వెన్నకూ చక్కెరకూ రేషను పెట్టారు. వెన్న దండిగా పట్టే పై వంటకాలు చెయ్యడం ఇళ్లలో కష్టమైంది. ఉన్న కాస్త పిండినీ, కాస్త కొవ్వునీ వేళ్లతో నలిపి పళ్లమీద చల్లి కాల్చుకునే ఈ పద్ధతి ఆ రోజుల్లో బాగా వ్యాపించింది. లేమిలో పుట్టిన వంటకం గనక దీనికి తక్కువతో సరిపెట్టుకోవడం వచ్చు.

నేను పిండి నలుపుతుంటే అత్తమ్మ వచ్చి చూసి నవ్వింది. "గిది మన మలిదనే గదనే! దీనికి ఇంగ్లీషు పేరెందుకు?" అంది. నిజమే సుమండీ. సద్దుల బతుకమ్మకు రొట్టెలు చేసి, చిదిమి, బెల్లమూ నెయ్యీ కలిపి చేసే మలిదకూ, దీనికీ చుట్టరికం ఉంది. అప్పటినుంచి మా ఇంట్లో దీని పేరు "ఓవెన్ మలిద".

రెండో ఆదివారం ఒట్టి ద్రాక్షతో చేశాను. పైన పిండి ఎర్రగా వేగింది గాని, గరిటె పెట్టేసరికి లోపల చారు! ద్రాక్షలో నూటికి ఎనభై పాళ్లు నీళ్లే. వేడి తగలగానే పండు పగిలి ఆ నీళ్లు బయటికి వస్తాయి, పైనున్న పిండి వాటిని పీల్చుకుని ముద్దవుతుంది. మామగారు గిన్నె వంక చూసి అన్నారు: "పండ్లల్ల నీళ్లే గద బిడ్డా ఉండేది. తెంపే ముందు మేం తోటకు నీళ్లు తగ్గిస్తుంటిమి. పెడితె పండు చప్పగైతది. నువ్వు గూడ ముందుగాల నీళ్లు తియ్యి."

నలభై ఏళ్లు తోట చేసిన మనిషి మాట. వంటల పుస్తకాల్లో చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ వెయ్యమని ఉంటుంది. అది వేస్తే చిక్కబడుతుంది, నిజమే, కాని ఇంకొంచెం పిండిపదార్థం చేరినట్టేగా. ఆయన చెప్పినట్టు ముందుగా పళ్లను మాత్రమే కాల్చి నీళ్లు తీయడం, ఆ నీళ్లను మరిగించి మళ్లీ పళ్లలోనే పొయ్యడం మేలనిపించింది. ఇంకో మేలు జామపండు చేసింది. జామలో పెక్టిన్ అనే పదార్థం బాగా ఉంటుంది. జామ జెల్లీ గడ్డకట్టేది దానివల్లే. ద్రాక్షలో పులుపు ఉంటుంది, జామలో చిక్కదనం ఉంటుంది. రెండూ కలిస్తే చారు కాస్తా తేనెలా అవుతుంది. పైగా జనవరి చివర నుంచి మార్చి దాకా రెండు పళ్లూ ఒకే బండిమీద దొరుకుతాయి.

ఇక కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. ఆరుగురికి సరిపడా చెబుతాను.

దోర జామపళ్లు అరకిలో, అంటే మధ్యరకంవి నాలుగు. ద్రాక్ష పావుకిలో. ఆకుపచ్చవైనా నల్లవైనా సరే, నల్లవి వేస్తే రంగు బాగుంటుంది. పైన చల్లే పిండికి గోధుమపిండి అరకప్పు, జొన్నపిండి పావుకప్పు, ఓట్స్ పావుకప్పు, వేయించి పొట్టు తీసిన పల్లీలు గుప్పెడు, బెల్లం తురుము 30 గ్రాములు, నెయ్యి 2 పెద్ద చెంచాలు, పాలు 1 లేక 2 చెంచాలు, చిటికెడు ఉప్పు. వాసనకు దాల్చినచెక్క పొడి గాని, శొంఠి గాని, ఏలకులు గాని మీ ఇష్టం. మా ఇంట్లో శొంఠికే ఓటు.

పళ్లు కొనేటప్పుడు ఒక్క మాట. జామ కోసిన తర్వాత కూడా పండుతుంది. ద్రాక్ష అలా కాదు, గుత్తి కోసిన క్షణంలో ఎంత తీపి ఉందో అంతే. ఇంట్లో నాలుగు రోజులు ఉంచితే తియ్యబడుతుందని పుల్లటివి కొనకండి, ముడుచుకుపోవడమే గాని మరేం జరగదు. అసలు బండి దగ్గరే ఒక పండు నోట్లో వేసుకుని చూడాలి, కడిగిన పండైతేనే అనుకోండి. ద్రాక్షమీద తెల్లగా పొడిలా కనిపించేదంతా మందు కాదు, పండుకు సహజంగా ఉండే మైనపు పొర కూడా తెల్లగానే ఉంటుంది. ఏది ఏదో కంటితో తేల్చుకోలేం గనక ఉప్పు కలిపిన నీళ్లలో పావుగంట ఉంచి, తర్వాత ధారగా పడే నీళ్లలో రెండుసార్లు కడగండి. కడిగాక గుడ్డమీద పరిచి తడి ఆరనివ్వండి. నీళ్లు తియ్యాలని ఇంత తంటాలు పడుతూ తడి పళ్లు వెయ్యడమెందుకు?

జామపళ్లను తోలు తియ్యకుండా నిలువుగా నాలుగు చెక్కలు చేసి, నడుమ గింజల గుజ్జు చెంచాతో గీకి విడిగా పెట్టండి. ఆ గుజ్జు పారెయ్యకండి! నేను మొదట పారేసినదాన్నే. దాన్ని పావుకప్పు నీళ్లతో కలిపి టీ వడపోత మీద వేసి చెంచాతో రుద్దితే గింజలు పైన నిలుస్తాయి, చిక్కటి రసం కిందికి దిగుతుంది. కార్న్‌ఫ్లోర్ చెయ్యాల్సిన పని ఆ రసం చేస్తుంది. జామ చెక్కలను చిటికెనవేలు మందాన కోయండి. ద్రాక్షపళ్లను నిలువుగా రెండు చేసి, గింజలుంటే తీసేయండి.

ఓవెన్ 200 డిగ్రీలకు పెట్టి పది నిమిషాలు ముందే వేడి చేసుకోండి. గాజు గిన్నెకో, కేకు గిన్నెకో నెయ్యి వేలితో రాసి, పళ్లు రెండూ కలిపి పరిచి, మూత లేకుండా ఇరవై నిమిషాలు ఉంచండి. తీసి చూస్తే అడుగున రసం ఊరి ఉంటుంది. గుడ్డతో పట్టుకుని, గిన్నె ఒకవైపు వంచి, ఆ రసాన్ని చిన్న గిన్నెలోకి వంపండి. అందులో జామ గుజ్జు రసం కలిపి, పొయ్యిమీద సన్నని సెగన నాలుగైదు నిమిషాలు తిప్పుతూ మరిగించండి. చెంచా ఎత్తితే తేనె జారినట్టు జారాలి. అప్పుడు శొంఠి కలిపి పళ్లమీద పొయ్యండి. ఇక్కడ ఆగి రుచి చూడండి. ద్రాక్ష మరీ తియ్యనిదైతే ఒక చెంచా నిమ్మరసం పిండండి. పులుపు కాస్త తగిలితేనే ఉన్న తీపి తెలుస్తుంది. చక్కెర తగ్గించిన వంటలో పులుపునూ, చిటికెడు ఉప్పునూ అస్సలు మరిచిపోకూడదు.

పళ్లు ఓవెన్లో ఉండగానే పిండి పని. గోధుమపిండి, జొన్నపిండి, ఓట్స్ కలిపి మూకుట్లో నెయ్యి లేకుండా సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. నెయ్యి తగ్గిస్తే పోయే కమ్మదనాన్ని ఈ వేపుడు చాలావరకు తెచ్చిపెడుతుంది. జొన్న ఎందుకంటారా? గోధుమలో ఉన్న సాగే జిగురు జొన్నలో లేదు. అందుకే పిండి పొడిపొడిగా, కరకరమంటూ ఉంటుంది. వేయించిన పిండి పూర్తిగా చల్లారాక, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, బెల్లం తురుము, ఉప్పు కలిపి, నెయ్యి వేసి వేళ్ల కొసలతో నలపండి. అరచేత్తో పిసకకండి. పిడికిట బిగిస్తే ముద్దవ్వాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. విడిపోవడమే గాని ముద్ద కాకపోతే పాలు చిలకరించండి. ఇంకో చెంచా నెయ్యి వెయ్యాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి.

పళ్లమీద ఈ పిండిని చల్లినట్టుగా వెయ్యండి. అదిమితే ఆవిరి పోయే దారి మూసుకుపోయి అట్టలా అవుతుంది. ఓవెన్ 180 డిగ్రీలకు తగ్గించి ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలు. అంచుల్లో రసం బుడగలు వేస్తూ, పైన దోరగా ఎరుపెక్కితే అయిపోయినట్టే. ఓవెన్లు అన్నీ ఒక్క తీరు కాదు, మా ఓవెన్‌కు వెనకవైపు కోపం ఎక్కువ, అందుకని సగంలో గిన్నె తిప్పుతాను. బయటికి తీశాక ఇరవై నిమిషాలు ముట్టుకోకండి. చల్లారే కొద్దీ రసం చిక్కబడుతుంది. మా పిల్లలకు ఈ ఇరవై నిమిషాలే అన్నిటికన్నా కష్టం.

ఓవెన్ లేనివారు నిరాశపడకండి. మందపాటి మూకుడులోనో, పాత కుక్కరులోనో రెండంగుళాల మందాన ఉప్పు గాని, శుభ్రమైన ఇసుక గాని పోసి, చిన్న స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కించండి. కుక్కరైతే రబ్బరు, వెయిటు రెండూ తీసెయ్యాలి, మరవద్దు. స్టాండు మీద పళ్ల గిన్నె పెట్టి మూతవేసి నలభై నిమిషాలు. ఇందులో వేడి కిందినుంచే వస్తుంది గనక పైభాగం ఎర్రబడదు, మూత నుంచి నీటిచుక్కలు కూడా పడతాయి. అందుకని పిండిని లోపల పెట్టనే పెట్టకండి. నలిపిన పిండిని పెనంమీద సన్నసెగన ఎర్రగా వేయించి ఉంచుకుని, వడ్డించేటప్పుడు పళ్లమీద చల్లండి. నిజం చెప్పాలంటే కరకరలో ఇదే ఓవెన్‌దానికన్నా ఒక మెట్టు పైన.

ఇప్పుడు లెక్క చెప్పుకుందాం. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు, ఒక గ్రాము చక్కెరలో గాని పిండిలో గాని 4. సమాన తూకాల వెన్న కేకు 100 గ్రాములు తింటే సుమారు 400 కేలరీలు. మన గిన్నెను ఆరు భాగాలు చేస్తే, అంతకన్నా పెద్దదైన ఒక్కో భాగానికి సుమారు 220 వస్తాయి. కలిపిన బెల్లం మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా. కలిపిన చక్కెరా, తేనె, రసాల తీపీ అన్నీ చేరి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపల ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ఆ 5 శాతం 25 గ్రాములవుతుంది. కాఫీ, టీలలో వేసుకునే చక్కెర కూడా ఆ లెక్కలోదే సుమా. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా చక్కెర తగ్గించమనే ఉంది.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పకపోతే నేను మోసం చేసినదాన్నవుతాను. "బెల్లమేగా, ఫరవాలేదు" అంటారు చాలామంది. బెల్లం కూడా చక్కెరే. రంగూ, వాసనా, కొద్దిపాటి ఖనిజాలూ తేడా, రక్తంలో చేరాక మాత్రం అది చేసే పని ఒకటే. తేనె కూడా అంతే. నేను బెల్లం వేసేది రుచికోసం, మందుగా కాదు. అలాగే పండులో ఉన్న తీపి ఓవెన్లో కాలిపోదు. 100 గ్రాముల ద్రాక్షలో 15 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. జామలో అందులో సగానికి కాస్త అటూఇటూగా ఉంటుంది, పీచు మాత్రం 5 గ్రాములకు తక్కువ ఉండదు. అందుకే నా గిన్నెలో జామ ఎక్కువ, ద్రాక్ష తక్కువ. తోలుతో సహా తినమనేది కూడా పీచు కోసమే. ఈ పళ్లనే పిండి, వడకట్టి రసం తాగితే పీచు పోయి తీపి మిగులుతుంది. కాలిస్తే జామలోని సి విటమిను కొంత నశిస్తుంది, అదీ ఒప్పుకోవాలి. రోజూ తినాల్సిన జామను పచ్చిగానే తినండి, ఇది ఆదివారానికి.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉందని భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అంటే ప్రతి వీధిలోనూ మా మామగారిలాంటివారు ఉన్నారు. మందు ఒకటే అయినా అందరి ఒళ్లూ ఒకటి కాదు గనక, మీ ఇంట్లో ఆ వ్యాధి ఉన్నవారికి ఇది పెట్టే ముందు వారి డాక్టరును అడగండి. నేను పదో తరగతి చదువుకున్నదాన్ని, నా మాటమీద మందులు మార్చకండి. మేమైతే కొలత రాసుకుని వెళ్లాం. ఏమేం ఎంతెంత వేశానో కాగితం చూపించాను. తిన్న రెండు గంటలకు ఇంట్లో పరీక్ష చేసి రాసిన పుస్తకం చూపించాను. ఆయన చదివి, పిల్లల కటోరాతో సగం, అదీ భోజనంతోపాటు, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించి తినమన్నారు. వారానికి ఒక్కసారే. మామగారు ఆ షరతులన్నిటికీ తలూపి, బయటికి వచ్చాక, "సగం కటోరంటె నిండుగనా, తలెకొట్టా?" అని నన్నడిగారు.

ద్రాక్ష కాలం అయిపోయాక ఏం చెయ్యాలని అడుగుతారేమో. ఆపిల్ బాగా కుదురుతుంది, దాని తొక్కలోనూ పెక్టిన్ ఉంది. దోర మామిడి కూడా పనికొస్తుంది, అప్పుడు బెల్లం సగం చాలు. బొప్పాయి ఒట్టిగా చప్పన, నిమ్మరసమూ అల్లమూ తోడైతే లేచి కూచుంటుంది. సపోటా వద్దు, మరీ తీపి. మన సీతాఫలం మాత్రం ఎంత ముద్దొచ్చినా ఓవెన్లో పెట్టకండి, వేడి తగిలితే చేదెక్కుతుంది. నేను మూడో ఆదివారం దాన్నే పెట్టాను. గిన్నె గిన్నె అంతా పారబొయ్యాల్సి వచ్చింది. ఆ రోజు కూడా మామగారు, "నన్నడిగితె చెప్పకపోదునా" అన్నారు.

మిగిలితే చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మూడు రోజుల్లోపు తినెయ్యండి. పైన మెత్తబడితే మళ్లీ ఓవెన్లో పది నిమిషాలు పెడితే కరకర తిరిగి వస్తుంది. ఐస్‌క్రీము కలిపి తింటారు కొందరు. అలా చేస్తే ఇంతసేపూ మనం తగ్గించినదంతా మళ్లీ గిన్నెలోకి వచ్చేస్తుంది. చిక్కగా వడకట్టిన పెరుగు ఒక చెంచా వేసుకోండి, పులుపు భలే కలుస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం పొద్దున జామపళ్ల పని మామగారిదే. కళ్లజోడు పెట్టుకుని, వాకిట్లో నులకమంచం మీద కూచుని, ఒక్కొక్క చెక్కా గీకి గుజ్జు గిన్నెలో వేస్తారు. ద్రాక్ష గుత్తి చేతికిస్తే ముందు తొడిమ విరిచి, రంగు చూసి, ఎన్ని రోజుల కింద కోసిందో చెబుతారు. మొన్న తెచ్చిన గుత్తి చూసి, "ఇది మన దిక్కుది గాదు, దూరం నుంచి వచ్చింది" అన్నారు. ఈసారి తోటకే వెళ్లి కోసుకొద్దామని అనుకుంటున్నాం. ఏప్రిల్ లోపల వెళ్లాలి, ఆ తర్వాత తీగలు కత్తిరించేస్తారు.